పాత టూ-ఇన్-వన్ సెట్టును గీసిన డిజైనరు పేరు కనుక్కోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

1960ల చివరి నుంచి 1980ల చివరి దాకా వచ్చిన రేడియో క్యాసెట్ రికార్డర్ల మీద, అంటే మనం టూ-ఇన్-వన్ అని పిలుచుకునే సెట్ల మీద, కంపెనీ పేరు లేని చోటు ఉండదు. స్పీకరు జాలి మీద, క్యాసెట్టు తలుపు మీద, వెనుక లేబుల్ మీద, కొన్నిటికి సెల్స్ పెట్టే అర మూత లోపల కూడా అది కనిపిస్తుంది. ఆ సెట్టు ఆకారాన్ని గీసిన మనిషి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

అయినా ఆ పేరు చాలా సందర్భాల్లో పూర్తిగా పోలేదు. ఒక ఆకారం మీద హక్కు కావాలని కంపెనీ దరఖాస్తు పెట్టినప్పుడు, దాన్ని రూపొందించిన వ్యక్తి ఎవరని అమెరికా, జపాన్ చట్టాలు అడిగేవి. అందువల్ల ప్రకటనలకు ఎక్కని పేరు ప్రభుత్వ కాగితాలకు ఎక్కింది. వెతకాల్సింది బ్రాండు చరిత్రలో కాదు, సెట్టు బాడీకి సంబంధించిన ఆ దస్తావేజుల్లో. వాటిని ఏ వరుసలో వెతకాలో, దొరికిన పేరును ఎంతవరకు నమ్మాలో ఈ మార్గదర్శిలో చూద్దాం.

ముందుగా: ఎవరి కోసం వెతుకుతున్నారు?

ఒక టూ-ఇన్-వన్ వెనుక కనీసం ముగ్గురి పని ఉంటుంది. క్యాసెట్టును తిప్పే మెకానిజాన్ని రూపొందించినవారు ఒకరు, రేడియో, యాంప్లిఫయర్ సర్క్యూట్లను గీసినవారు మరొకరు, వీటన్నిటినీ చేతికి, కంటికి నచ్చే పెట్టెగా మలిచినవారు ఇంకొకరు. మెకానిజం చాలాసార్లు బయటి నుంచి కొన్నదే. జపాన్‌కు చెందిన తనాషిన్ వంటి సంస్థలు తయారుచేసిన మెకానిజాలు ఎన్నో బ్రాండ్ల సెట్లలో ఉన్నాయి. మొదటి ఇద్దరి పేర్లు సాధారణ పేటెంట్లలో దొరుకుతాయి, మూడో వ్యక్తి పేరు డిజైన్ పేటెంట్లలో, అంటే వస్తువు ఆకారం మీద ఇచ్చే హక్కు పత్రాల్లో, దొరుకుతుంది. ఈ తేడా గమనించకుండా వెతికితే మోటారు వేగాన్ని నియంత్రించే పద్ధతి కనిపెట్టిన ఇంజనీరును పట్టుకుని, సెట్టు డిజైనరు ఈయనే అని రాసేసే ప్రమాదం ఉంది.

క్యాసెట్టు విషయంలోనే చూడండి. ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో దాన్ని బయటపెట్టింది. బెల్జియంలోని హాసెల్ట్‌లో ఆ పని చేసిన బృందానికి నాయకుడు లౌ ఒటెన్స్ అని ఈ రంగంలో ఆసక్తి ఉన్న అందరికీ తెలుసు. ఆ క్యాసెట్టు చుట్టూ తరువాతి ఇరవై ఏళ్లలో వచ్చిన వేలాది పెట్టెలను గీసినవాళ్లలో ఒక్కరి పేరైనా చెప్పమంటే చాలామంది సేకర్తలు తడబడతారు.

దీని వెనుక కుట్ర ఏమీ లేదు, ఉన్నది ఉద్యోగ పద్ధతిలోని తేడా. ఇటలీలోని బ్రియోన్‌వేగా 1964లో తెచ్చిన టీఎస్ 502 రేడియోకు మార్కో జనూసో, రిచర్డ్ సాపర్ అనే బయటి డిజైనర్లను పెట్టుకుంది. వాళ్ల పేర్లు ఆ కంపెనీకే ప్రచారంగా పనికివచ్చాయి కాబట్టి నిలిచిపోయాయి. జపాన్‌కు చెందిన యమహా కూడా 1970ల మధ్యలో టీసీ-800జీఎల్ క్యాసెట్ డెక్‌ను ఇటలీ డిజైనరు మారియో బెల్లీనీ చేత గీయించుకున్నప్పుడు ఆయన పేరు మరుగున పడలేదు. పెద్ద జపాన్ కంపెనీల్లో మాత్రం డిజైనరు నెలజీతపు ఉద్యోగి. నేషనల్, పానాసోనిక్ బ్రాండ్ల కంపెనీ మత్సుషితా 1951లోనే సొంత డిజైన్ విభాగాన్ని ఏర్పాటు చేసుకుంది. అక్కడి నుంచి వచ్చిన పని అంతా విభాగం పనిగా, అంటే కంపెనీ పనిగానే లెక్కకు వచ్చింది. ఐరోపాలో ఫిలిప్స్‌దీ దాదాపు ఇదే తీరు. 1980లో డిజైన్ విభాగం పగ్గాలు చేపట్టిన రాబర్ట్ బ్లేక్ పేరు పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ ఆయన కింద బల్లల దగ్గర కూర్చుని గీసినవారి పేర్లు అరుదుగా వినిపిస్తాయి. విభాగాధిపతి పేరును డిజైనరు పేరుగా చలామణీ చేయడం ఈ రంగంలో బాగా వేళ్లూనిన దురలవాటు.

మొదటి మెట్టు: సెట్టునే సాక్షిగా చదవండి

కాగితాల జోలికి పోకముందు సెట్టు వెనుక లేబుల్‌ను పూర్తిగా, ఒక్క అక్షరం వదలకుండా రాసుకోండి. మోడల్ సంఖ్య చివర ఉండే అక్షరాలను చాలామంది పట్టించుకోరు. అవి చాలా కంపెనీల సెట్లలో ఏ దేశపు మార్కెట్టు కోసం తయారైందో, ఏ రంగులో వచ్చిందో, ఎన్నో సవరణో చెబుతాయి. ఒకే బాడీ జపాన్‌లో నేషనల్‌గా, బయట చాలాచోట్ల పానాసోనిక్‌గా అమ్ముడుపోయింది. అక్కడ విక్టర్ అయినది ఇతర దేశాల్లో జేవీసీ అయింది. పేరుతోపాటు మోడల్ సంఖ్య కూడా మారిపోయేది కాబట్టి, ఒక్క సంఖ్య పట్టుకుని వెతికితే సగం దారులు మూసుకుపోతాయి.

ఎఫ్ఎం డయల్ మీద అంకెలు మంచి ఆధారం. 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకు ఉంటే అది జపాన్ లోపల అమ్మడానికి చేసిన సెట్టు. 88 నుంచి 108 వరకు ఉంటే ఎగుమతి సెట్టు అనుకోవచ్చు. 66 నుంచి 73 దగ్గర ఉంటే తూర్పు ఐరోపా, సోవియట్ దేశాల శ్రేణి. క్యాసెట్టు భాగంలో మెటల్ టేపు కోసం మీట ఉంటే ఆ సెట్టు 1979కి అటూఇటూగా, లేదా ఆ తరువాత వచ్చింది.

వెనుక మూత విప్పగలిగితే కాలాన్ని ఇంకా దగ్గరగా పట్టుకోవచ్చు. సెల్స్ తీసేసి, మెయిన్స్ వైరు లాగేసి, కాసేపు ఆగిన తరువాతే స్క్రూలు తీయండి. లోపలి ఐసీల (సర్క్యూట్ బోర్డు మీది చిప్పుల) మీద చాలాసార్లు నాలుగంకెల కోడ్ ఉంటుంది. 8123 అని ఉంటే 1981లో 23వ వారం అని అర్థం. ఒక్క ఐసీని చూసి ఆగకుండా నాలుగైదింటిని చూసి, వాటిలో అన్నిటికంటే తరువాతి తేదీని తీసుకోండి. సెట్టు దాని తరువాతే బిగించి ఉంటుంది. మరమ్మతులో మార్చిన ఐసీ ఒకటి తప్పుదారి పట్టించగలదు కాబట్టి టంకం మెరుపులో తేడా ఉన్నచోట అనుమానించాలి. ఈ తేదీతో మనకు కలిగే ప్రయోజనం ఏమిటంటే, డిజైన్ దరఖాస్తు సాధారణంగా సెట్టు అమ్మకానికి వచ్చే సమయానికి కొంచెం ముందో, ఆ దగ్గరలోనో పడుతుంది. వెతకాల్సిన కాలాన్ని రెండు మూడేళ్లకు కుదించుకోవచ్చు.

రెండో మెట్టు: అసలు తయారీదారును నిర్ధారించుకోండి

ముందున్న పేరు ఎప్పుడూ తయారీదారుదే అనుకోకూడదు. సేకర్తలు ఎంతో మోజుపడే కోనియన్ సీ-100ఎఫ్ బాడీయే హెలిక్స్, క్లెయిర్‌టోన్ పేర్లతోనూ అమ్ముడుపోయింది. ఇలాంటి సెట్టుకు డిజైనరును కోనియన్ పేరు కింద వెతికితే ఏమీ దొరకకపోవచ్చు, దొరకలేదు కాబట్టి పేరే లేదనుకోవడమూ పొరపాటే.

అమెరికాలో అమ్మిన 1980ల సెట్ల మీద ఎఫ్‌సీసీ (అక్కడి సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ) ఐడీ ఉంటే దాని మొదటి మూడు అక్షరాలు అనుమతి తీసుకున్న సంస్థ కోడ్. ఆ దేశపు ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో ఆ కోడ్ వేసి చూస్తే దరఖాస్తు పెట్టినది ఎవరో తెలిసే అవకాశం ఉంది. లేనిపక్షంలో సర్క్యూట్ బోర్డు మీద అచ్చువేసిన గుర్తులను, అదే బాడీ ఉన్న వేరే బ్రాండు సెట్లను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక్కడే కంపెనీల చట్టబద్ధమైన పేర్ల పట్టిక ఒకటి తయారుచేసుకోండి, ఎందుకంటే పేటెంట్ కాగితాల్లో ఉండేది బ్రాండు పేరు కాదు. పానాసోనిక్ కోసం మత్సుషితా ఎలక్ట్రిక్ ఇండస్ట్రియల్ అని, జేవీసీ కోసం విక్టర్ కంపెనీ ఆఫ్ జపాన్ అని, తొషిబా కోసం 1984కు ముందైతే తోక్యో షిబౌరా అని, షార్ప్ కోసం 1970కి ముందైతే హయకావా ఎలక్ట్రిక్ అని వెతకాలి. సాన్యోకు తోక్యో సాన్యో అనే వేరే కంపెనీ ఉండేది, అది 1986లో మాతృసంస్థలో కలిసిపోయింది.

మూడో మెట్టు: అమెరికా డిజైన్ పేటెంట్లు

అసలు వేట మొదలయ్యేది ఇక్కడే, మీ సమయంలో సగం దీనికే కేటాయించండి. అమెరికా చట్టం డిజైన్ పేటెంటులో ఆవిష్కర్తగా కంపెనీని ఒప్పుకోదు, మనిషి పేరు రాయాల్సిందే. హక్కు మాత్రం కంపెనీకి బదిలీ అవుతుంది. అమెరికా మార్కెట్టు పెద్దది కాబట్టి జపాన్ కంపెనీలు తమ ముఖ్యమైన సెట్లకు అక్కడ దరఖాస్తు పెట్టేవి. తన దేశపు ప్రకటనలో ఎన్నడూ కనిపించని డిజైనరు పేరు ఆ విధంగా వాషింగ్టన్‌లో అచ్చయింది.

గూగుల్ పేటెంట్స్‌లోనో, అమెరికా పేటెంట్ కార్యాలయపు సొంత వెబ్‌సైటులోనో వెతకవచ్చు. అక్కడ మోడల్ సంఖ్య వేస్తే ఫలితం ఉండదు, ఎందుకంటే డిజైన్ పేటెంటు శీర్షికలో అది ఉండదు. శీర్షికలు చాలా పొడిగా, "కంబైన్డ్ రేడియో రిసీవర్ అండ్ క్యాసెట్ టేప్ రికార్డర్" అన్న ధోరణిలో ఉంటాయి. మాటల క్రమం తారుమారు చేసి, రిసీవర్ తీసేసి, ప్లేయర్ చేర్చి, ఇలా అన్ని విధాలుగా ప్రయత్నించాలి. కంపెనీ పేరు, తేదీల పరిధి జోడిస్తే జాబితా చేతిలో పట్టే పరిమాణానికి వస్తుంది. అమెరికా కార్యాలయం సైటులో మాటలతో వెతకగలిగేది 1976 తరువాతి పేటెంట్లనే. అంతకు ముందువాటిని సంఖ్య ద్వారానో, తరగతి ద్వారానో బొమ్మలుగా తిరగేయాలి. రికార్డింగు, ప్రసార పరికరాల తరగతి డి14. వరుస సంఖ్యలు కూడా కాలాన్ని చెబుతాయి: 1970 ఆరంభంలో డిజైన్ పేటెంట్లు సుమారు 2,16,400 దగ్గర, 1980 ఆరంభంలో 2,53,800 దగ్గర, 1990 ఆరంభంలో 3,05,300 దగ్గర ఉన్నాయి.

ఒక పేటెంటు మొదటి పేజీని ఎలా చదవాలో చూద్దాం. ప్రతి వివరం పక్కన చదరపు కుండలీకరణాల్లో ఒక అంకె ఉంటుంది. 54 ఎదురుగా శీర్షిక ఉంటుంది. 75 లేదా 76 ఎదురుగా ఆవిష్కర్త పేరు, ఊరు, దేశం ఉంటాయి. మనకు కావలసింది ఇదే. 73 ఎదురుగా హక్కు పొందిన కంపెనీ, 22 ఎదురుగా దరఖాస్తు తేదీ ఉంటాయి. 30 ఎదురుగా స్వదేశంలో అంతకుముందు పెట్టిన దరఖాస్తు వివరం కనిపిస్తే దాన్ని వెంటనే రాసుకోండి, నాలుగో మెట్టులో అదే తాళంచెవి. ఆఖరున 56 ఎదురుగా పరిశీలకుడు పోల్చి చూసిన పాత డిజైన్ల పట్టిక ఉంటుంది. దాన్ని చూడకుండా పేజీ మూసేయకండి. అందులో పాత పేటెంట్లే కాక, కొన్నిసార్లు వ్యాపార పత్రికల పేజీలు, దుకాణాల కేటలాగులు కూడా తేదీతో, బ్రాండుతో, మోడల్ పేరుతో సహా ఉంటాయి. శీర్షికల్లో దొరకని మోడల్ సంఖ్యలు ఇలా పక్కదారిన దొరుకుతాయి. ఒక డిజైనరు పేరు దొరికిన తరువాత అదే పేరును ఆవిష్కర్తగా వేసి మళ్లీ వెతకండి. ఒక టూ-ఇన్-వన్ గీసినవారే టేప్ డెక్కులు, హెడ్‌ఫోన్లు, టెలివిజన్లు కూడా గీసి ఉండవచ్చు, అప్పుడు ఒక పేరు కాస్తా ఒక వృత్తిజీవితంగా కనిపించడం మొదలవుతుంది.

నాలుగో మెట్టు: జపాన్ గెజిట్

జపాన్‌లో 1959 నాటి డిజైన్ చట్టం 1960 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద నమోదైన డిజైన్ల గెజిట్‌లో సృజనకర్త పేరుకు ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. జే-ప్లాట్‌ప్యాట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఇవి ఉచితంగా చూడవచ్చు. పాతవి బొమ్మల రూపంలోనే ఉంటాయి కాబట్టి మాటలతో కాక సంఖ్యలతోనే పట్టుకోవాలి. డిజైన్లకు అంతర్జాతీయంగా వాడే లొకార్నో వర్గీకరణ సంఖ్యలతో పాత జపాన్ గెజిట్‌లను వెతకబోవద్దు. ఆ ఒప్పందంలో జపాన్ చేరింది 2014లో, అంతకుముందు దానికి సొంత వర్గీకరణ ఉండేది.

అమెరికా పేటెంటులో 30 ఎదురుగా చూసిన జపాన్ సంఖ్య 54తో మొదలైతే అది జపాన్ చక్రవర్తి పాలనను బట్టి లెక్కించే షోవా శకంలో 54వ సంవత్సరం. 1925 కలిపితే 1979 వస్తుంది. డిజైన్ల విషయంలో పారిస్ అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చే ప్రాధాన్యపు గడువు, అంటే స్వదేశపు దరఖాస్తు తేదీని నిలుపుకుంటూ ఇతర దేశంలో దరఖాస్తు పెట్టుకునే వ్యవధి, ఆరు నెలలే. కాబట్టి జపాన్ దరఖాస్తు తేదీ అమెరికా దరఖాస్తుకు ముందు ఆరు నెలల లోపలే ఉంటుంది. ఆ సంఖ్య దరఖాస్తుదే గానీ రిజిస్ట్రేషన్‌ది కాదని గుర్తుంచుకోండి. గెజిట్ మాత్రం చాలా ఆలస్యంగా అచ్చయి ఉండవచ్చు, ఎందుకంటే నమోదైన డిజైన్‌ను మూడేళ్ల దాకా రహస్యంగా ఉంచమని కోరే వీలును ఆ చట్టం ఇచ్చింది. పోటీ తీవ్రంగా ఉన్న ఈ రంగంలో ఆ వీలును కంపెనీలు వాడుకుని ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. అలాగే, ఒక మూల డిజైన్‌కు చిన్న మార్పులతో వచ్చిన సెట్లను "సారూప్య డిజైన్" పేరుతో మూల సంఖ్యకు జోడించి నమోదు చేసే పద్ధతి 1990ల చివరి దాకా ఉండేది. మీ సెట్టు మూల డిజైన్ కాకుండా ఆ కొమ్మల్లో ఒకటి కావచ్చు, అప్పుడు రెండిటిలోనూ పేర్లు ఒకటేనా అని చూడాలి.

ఐదో మెట్టు: ఐరోపా, బహుమతుల జాబితాలు

పశ్చిమ జర్మనీ సెట్ల విషయంలో ఆశలు తగ్గించుకోవడం మంచిది. అక్కడ 1988 దాకా డిజైన్ల నమోదు స్థానిక న్యాయస్థానాల్లో జరిగేది, ఒకచోట కూర్చుని తిరగేయగల కేంద్ర గెజిట్ లేదు. దానికి బదులు బహుమతుల జాబితాలు ఉపయోగపడతాయి: హనోవర్‌లో 1953 నుంచి నడుస్తున్న ఐఎఫ్ డిజైన్ బహుమతి, ఇటలీలో 1954 నుంచి ఉన్న కొంపాస్సో దోరో. జపాన్‌లో 1957లో వాణిజ్య మంత్రిత్వ శాఖ మొదలుపెట్టిన జీ-మార్క్ (మంచి డిజైన్ గుర్తు) ఎంపికల జాబితా ఇంటర్నెట్‌లో ఉంది. అందులో డిజైనరు స్థానంలో కంపెనీ పేరో, విభాగం పేరో ఉంటే నిరాశపడకండి, సంవత్సరం, మోడల్ పేరు ఖాయమైనా చాలు, మూడో మెట్టుకు తిరిగి వెళ్లవచ్చు.

ఆరో మెట్టు: బొమ్మను సెట్టుతో సరిచూడండి

పేరు దొరికిందన్న ఉత్సాహంలో ఎక్కువమంది దాటేసే మెట్టు ఇది. డిజైన్ పేటెంటులో సాధారణంగా ముందు, వెనుక, రెండు పక్కలు, పైన, కింద, ఒక వాలు దృశ్యం ఉంటాయి. ముందువైపు పోలిక చూసి తృప్తిపడకూడదు, ఎందుకంటే ఆ కాలపు సెట్లన్నీ రెండు స్పీకర్లు, మధ్యలో క్యాసెట్టు, పైన డయల్ అనే ఒకే ఏర్పాటులో ఉండేవి. హ్యాండిల్ బాడీతో కలిసే కీలు దగ్గర చూడండి, అది పక్కన ఉందా, మీద ఉందా, మడిచినప్పుడు ఏ గాడిలో కూర్చుంటుంది? ఏరియల్ ఏ మూల నుంచి లేస్తుంది? మీటలు ఎన్ని, వాటిలో రికార్డు మీట ఏ చివర ఉంది? వెనుక సెల్స్ మూత ఎన్ని నాలుకలతో పడుతుంది? ఈ నాలుగూ కలిస్తే పోలిక బలమైనది. స్పీకరు జాలి మీద గీతల సంఖ్య మాత్రం కలవకపోయినా పరవాలేదు, ఉత్పత్తిలో అది తరచు మారేది. చుక్కల గీతలతో గీసిన భాగాల మీద హక్కు కోరలేదని అర్థం, అవి పోలికలో లెక్కకు రావు.

ఏడో మెట్టు: పేరు నుంచి మనిషి దాకా

అమెరికా పేటెంటులో పేరు రోమన్ లిపిలో, జపాన్ గెజిట్‌లో చిత్రలిపిలో ఉంటుంది. ఒకే జపాన్ పేరును రెండు మూడు విధాలుగా చదవవచ్చు. మత్సుషితా డిజైన్ విభాగపు తొలి అధిపతి మానో పేరులోని రెండు అక్షరాలను జెన్ఇచి అని గానీ యోషికాజు అని గానీ చదివే వీలుంది. అందువల్ల రెండు రూపాలనూ రాసి ఉంచుకోవాలి, ఇంటిపేరు ముందో వెనుకో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1952లో ఏర్పడిన జపాన్ పారిశ్రామిక డిజైనర్ల సంఘం, డిజైన్ కళాశాలల పూర్వవిద్యార్థుల పత్రికలు, కంపెనీ విశ్రాంత ఉద్యోగుల సంఘాలు తరువాతి మజిలీలు.

వీరిలో చాలామంది ఇప్పుడు వృద్ధాప్యంలో ఉంటారు, కొందరు జీవించి లేరు. పాత గెజిట్లలో సృజనకర్త ఇంటి చిరునామా కూడా అచ్చయి ఉండవచ్చు. దాన్ని మీ నోటుపుస్తకంలో తప్ప మరెక్కడా పెట్టకండి, ఎవరికీ ఇవ్వకండి; సంప్రదించాల్సి వస్తే సంఘం ద్వారానో, పాత కంపెనీ ద్వారానో ఉత్తరం పంపండి. మాట్లాడే అవకాశం దొరికితే "మీరేనా డిజైన్ చేసింది" అని అడగడం కంటే, సెట్టు ఫొటోలు ముందు పెట్టి ఏ భాగం ఎవరి బల్ల మీద తేలింది, ఏది అమ్మకాల విభాగం మార్పించింది, ఏ ఆలోచన ఖర్చు వల్ల పోయింది అని అడగండి. మనిషి తన ఘనత గురించి మొహమాటపడవచ్చు గానీ తాను వద్దన్న క్రోమ్ పట్టీ గురించి మాత్రం యాభై ఏళ్లయినా మరిచిపోడు.

ఎనిమిదో మెట్టు: దొరికినదాన్ని నమోదు చేయడం

రాసేటప్పుడు ఆధారం ఎంత చెబితే అంతే చెప్పండి. డిజైన్ పేటెంటు, సెట్టు పోలిక రెండూ కుదిరితే "డిజైన్ దరఖాస్తులో సృజనకర్తగా నమోదైనవారు" అని రాయండి. ఇద్దరు ముగ్గురి పేర్లుంటే అందరినీ, కాగితంలో ఉన్న క్రమంలోనే రాయండి, మొదటి పేరును పెద్దది చేయకండి. దరఖాస్తులో పేరు పెట్టించుకున్నది పర్యవేక్షకుడే అయి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, వ్యక్తి మాటో, కంపెనీ రికార్డో తోడైతే తప్ప "ఈ సెట్టును గీసినది ఈయనే" అన్న వాక్యం వాడకండి. పేటెంటు సంఖ్య, దరఖాస్తు తేదీ, మీ సెట్టు పూర్తి మోడల్ సంఖ్య, లోపలి ఐసీల కోడ్‌లు, పోల్చిన భాగాల ఫొటోలు కలిపి ఒకేచోట ఉంచండి. అదే బాడీని మరో బ్రాండు కింద కొనుక్కున్నవారు తమ సెట్టును దానితో సరిచూసుకోగలుగుతారు. పేరు దొరకని సెట్టుకు కూడా ఇదే పత్రం తయారుచేసి, సృజనకర్త గడిని ఖాళీగా వదిలి, మీరు తిరగేసిన సంవత్సరాలు, తరగతులు, కంపెనీ పేర్లు కింద రాయండి. తరువాత వెతికేవారు అక్కడి నుంచి మొదలుపెడతారు.